ఎడమ మర

కాస్త మెల్లగా తిరుగు తల్లీ, నీకేం తొందర, తొందరంతా నాది. డాక్టరుగారు వచ్చే వేళయింది, ఇంకొక్క నట్టు మిగిలింది, దీన్ని గనక పాడు చేశానంటే మళ్లీ మొదలుపెట్టడానికి కడ్డీ కూడా లేదు, ఆరు పలకల కడ్డీలో ఇదే ఆఖరి ముక్క. నాలుగు నట్లు అయిపోయి బల్ల మీద గుడ్డ పరుచుకుని కూర్చున్నాయి, ఐదోది లేత్ చక్‌లో, దాని ఉక్కు పిడికిట్లో ఉంది. పళ్ల డాక్టరుగారి పాత కారుకి ఎడమ వైపు వెనక చక్రం నట్లు ఇవి. ఏ దుకాణంలోనూ దొరకవు. ఆ కారు చేసిన కంపెనీయే ఇప్పుడు లేదు, నట్టు లోపల తిరిగే ఆ మర కొలత ఎవరూ వాడడం లేదు, లేత్ మీద ఒక్కొక్కటీ కోసుకోవలసిందే. నా వెనక కుర్చీలో నాన్న ఉన్నాడు, నిద్రపోతున్నాడో ఊరికే కళ్లు మూసుకున్నాడో తెలియదు. డాక్టరుగారు వచ్చేసరికి చక్రం బిగించి ఉండాలి, పాత నట్లు ఏమయ్యాయని అడిగితే అరిగిపోయాయి మార్చేశాం అనాలి, అంతకు మించి ఒక్క మాట నా నోరు జారకూడదు. జారితే అది తమ్ముడి చెవిన పడుతుంది. పడిందంటే రేపటి నుంచి నాన్నకి ఈ కుర్చీ ఉండదు.

తమ్ముడు చెడ్డవాడేం కాదు, నాన్నంటే ప్రాణం, అందుకే వాడికి భయం. జబ్బు బయటపడిన కొత్తలోనే నన్ను నిలదీశాడు, "బుద్ధుందా అక్కా నీకు? మతి నిలవని మనిషిని తీసుకెళ్లి మిషన్ల మధ్య కూర్చోబెడతావా?" అని. ఇంట్లో ఉంచితే ఏమవుతోందో చూస్తున్నావుగా అన్నాను. ఇంట్లో ఉంటే నాన్న గదిగదికీ తిరుగుతాడు, ప్రతి తలుపు పిడీ పట్టుకుని లాగి చూస్తాడు, ఆలస్యమైపోయింది పనికెళ్లాలి అంటాడు, నా చెప్పులు ఎక్కడ దాచారని అడుగుతాడు, సాయంత్రానికి ఏడుస్తాడు. ఇక్కడ లేత్ మోత చెవిన పడుతుంటే చాలు, చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటాడు. అది కళ్లారా చూశాక తమ్ముడు కాస్త మెత్తబడ్డాడు. "కానీ ఒక్క తేడా జరగనీ, చాలు. ఇంక షాపు మాట ఎత్తకూడదు. ఇంట్లోనే, గడియ పెట్టి" అన్నాడు. సరే అన్నాను, అప్పట్లో అదేమంత బరువు మాటగా తోచలేదు. డాక్టరుగారూ వాడూ రోజూ పొద్దున్నే ఒకే పార్కులో నడుస్తారు, ఇద్దరికీ నడక కన్నా కబుర్లే ఎక్కువ.

తేడా జరిగింది. నేను బేరింగుల కొట్టుకి వెళ్లి ఇలా వచ్చాను, అంతే. లేత్‌కి కరెంటు ఆపాను, గ్రైండరు ప్లగ్గు పీకాను, చక్ తాళం కొంగున కట్టుకుపోయాను, ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న మహాతల్లికి గోడకి వేలాడే పానా మాత్రం కంటికి ఆనలేదు. వచ్చేసరికి నాన్న పానాకి పొడుగు గొట్టం తొడిగి, ఆ గొట్టం మీద రెండు కాళ్లతో ఎక్కి, కారు పైకప్పు పట్టుకుని ఊగుతున్నాడు, ఆ వయసులో. ముందు పడిపోతాడని పరిగెత్తాను, తర్వాత చూశాను ఏ వైపు ఎక్కాడో. విప్పుదామని బిగించే వైపు ఎక్కాడు. ఒకటి కాదు, వరసగా ఐదింటినీ అలాగే తొక్కాడు. నట్లు ఎక్కే బోల్టులు, స్టడ్‌లు, గట్టి ఉక్కువి కాబట్టి బతికిపోయాయి, నట్ల లోపలి మర మాత్రం నుజ్జునుజ్జయింది. "రావట్లేదండీ" అన్నాడు చెమట తుడుచుకుంటూ, "బాగా తుప్పు పట్టేసింది. మీరు ఓ చెయ్యి వేస్తారా కాస్త?" నన్నే. కన్న కూతుర్ని పట్టుకుని మీరు అని. "తుప్పే నాన్నా, నువ్వు దిగు, నేను చూస్తాలే" అన్నాను. ఉలి పెట్టి ఒక్కో నట్టునీ చీల్చి తీశాను. ఆ ముక్కలు ఇంకా నా ఏప్రాన్ జేబులోనే ఉన్నాయి, వంగినప్పుడల్లా తొడకి కొట్టుకుంటున్నాయి. తుక్కు డబ్బాలో పడేద్దామంటే డాక్టరుగారికి తుక్కు డబ్బాలు కెలికే అలవాటుంది. అదొక్కటే కారణమా అంటే కాదు, పడేయడానికి చెయ్యి రాలేదు.

ఇంకెవరైనా చేసి ఉంటే నవ్వుకునేదాన్ని. ఎందరు చేయలేదు ఆ పొరపాటు! ఆ కారుకి కుడి వైపు చక్రాల నట్లు లోకంలో ఉన్న అన్ని నట్లలాంటివే. ఎడమ వైపువి మాత్రం తిరగేసినవి, బండి నడిచే కొద్దీ వదులు కాకుండా ఉండాలని ఆ రోజుల్లో అలా చేసేవారు. అన్ని నట్లూ ఎడమకి తిప్పితే ఊడుతాయి, ఇవి ఎడమకి తిప్పితే బిగుస్తాయి. తెలియనివాళ్లు పట్టుదలగా తొక్కి తొక్కి పాడు చేసుకుని, చివరికి మేస్త్రీ దగ్గరికి, అంటే మా నాన్న దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయన ఒక్క మాట అనేవాడు కాదు, మీసంలో నవ్వుకుని, పానాని రెండో వైపుకి వేసి, చంటిపిల్ల చెయ్యి పట్టుకున్నంత నెమ్మదిగా విప్పేసేవాడు. పొరపాటు పడకుండా గుర్తు కూడా ఉంటుంది, ఎడమ మర నట్టుకి ఆరు మూలల మీదా నడుమున సన్నని గాడి గీస్తారు, బొటనవేలు ఆనిస్తే చీకట్లో అయినా తెలుస్తుంది. అదే మా ఇద్దరి ఆట. నేను గౌను వేసుకునే రోజుల్నుంచీ. అన్నం తింటుంటే, లెక్కలు చేసుకుంటుంటే, జడ వేయించుకుంటుంటే, ఎక్కడి నుంచో ఒక నట్టు వచ్చి ఒళ్లో పడేది. "ఎటు?" అనేవాడు నాన్న. చూడకూడదు, బొటనవేలితో తడిమి చెప్పాలి. గాడి తగిలితే ఎడమకి, తగలకపోతే కుడికి. సరిగ్గా చెబితే "పాస్" అనేవాడు. తప్పితే "మళ్లీ రా" అనేవాడు, పెద్ద పరీక్షాధికారి మొహం పెట్టి. "ఆడపిల్లకి నట్లూ బోల్టులేంటి, వేళ్లు నల్లబడిపోతున్నాయి" అని అమ్మ విసుక్కునేది. తమ్ముడికీ విసిరి చూశాడు పాపం, వాడు ఆ నట్టుని తాడుకి కట్టి బొంగరంలా తిప్పుకున్నాడు.

టూలు మళ్లీ లోపలికి. మిషన్ ఆపాలి, టూలుని కన్నంలోకి చివరంటా దింపాలి, వెంట్రుకవాసి లోతు పెంచాలి, మళ్లీ తిప్పాలి. మామూలు మరకి టూలు బయట మొదలై లోపలికి వెళ్తుంది, వెళ్తుంటే కంటికి కనబడుతుంది. ఎడమ మరకి లోపల మొదలవ్వాలి. మొదలయ్యే చోటు కనబడదు, బయటికి వచ్చాక గానీ ఏం కోశామో తెలియదు. "లోపల్నుంచి బయటికి రావాలమ్మా ఇది, ఓపిక పట్టాలి" అనేవాడు నాన్న నా చేతి మీద చెయ్యి వేసి. సన్నని ఇనుప చుట్ట మెలికలు తిరుగుతూ వస్తోంది, వేడిగా, నీలంగా. నాన్న జబ్బు కూడా ఎప్పుడు మొదలైందో మాకెవరికీ కనబడలేదు. అమ్మ ఉంటే కనిపెట్టేది. ఆదివారాలు నాన్న ఈ కారు కిందే గడిపేవాడని అమ్మ దీన్ని సవతి అనేది, "మా సవతమ్మకి ఒంట్లో ఎలా ఉందో, నీళ్లు పోశారా, నూనె రాశారా" అని వెక్కిరించేది, వెక్కిరిస్తూనే క్యారేజీలో ఇద్దరికి సరిపడా సర్దేది. అమ్మ పోయాక వంటింట్లోకి నాన్న రావడమే తక్కువైంది, మరుపు వచ్చినా కనబడే దారేది? ఒకసారి మాత్రం, పోయిన ఏడాది కాబోలు, పంపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతులకి సబ్బు నురగ, పంపు కట్టి ఉంది. నన్ను చూసి "ఎటు?" అన్నాడు. ఎన్నాళ్లకి ఆట గుర్తొచ్చిందో మనిషికి అని ఎంత సంబరపడ్డానో. "పరీక్షలు నాకేనా, ఈసారి నువ్వే చెప్పు" అని నవ్వుతూ వెళ్లిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు, నురగ మోచేతుల దాకా కారుతోంది. సరదాకి నిలబడ్డాడనుకున్నాను.

"నూనె" అన్నాడు నాన్న.

ఉలిక్కిపడ్డాను. కళ్లు మూసుకునే ఉన్నాడు, తల కుర్చీ వెనక్కి వాల్చే ఉంది. అప్పుడు వినబడింది నాకు కూడా, టూలు పొడిబారి సన్నగా కీచుమంటోంది, ఆలోచనల్లో పడి నూనె పోయడమే మరిచిపోయాను, ఇంకో చుట్టు తిరిగితే మర చిరిగిపోయేది. గబగబా పోశాను. మోత మళ్లీ మెత్తబడింది. "నాన్నా!" అన్నాను, "నాన్నా, సరిపోయిందా నూనె?" కళ్లు తెరిచాడు. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఎవరో పలకరించారు కాబట్టి మర్యాదగా మాట్లాడాలన్నట్టు కాస్త సర్దుకుని కూర్చున్నాడు. "క్యారేజీ ఇంకా రాలేదేం?" అన్నాడు, "ఈ పాటికి వచ్చేస్తుందే ఆవిడ." మొదట్లో అయితే అమ్మ లేదు నాన్నా అని చెప్పేదాన్ని, చెప్పిన ప్రతిసారీ ఆ కబురు మొదటిసారి విన్నట్టే విలవిల్లాడేవాడు. ఎన్నిసార్లని చంపుతాను మా అమ్మని. "బయల్దేరిందట నాన్నా, దారిలో ఉంది" అన్నాను. తృప్తిగా తల ఊపి కళ్లు మూసుకున్నాడు.

గోడ మేకుకి వేలాడే కొలత బోల్టు తీశాను, నాన్న ఎప్పుడో తన చేత్తో చేసి తాడు కట్టి తగిలించినది. చక్‌లో ఉన్న నట్టుకి ఆనించి ఎడమకి తిప్పాను, ఎక్కింది. ఎక్కడా పట్టేయకుండా, వదులు లేకుండా, చివరి దాకా వెళ్లింది. ఇంత బాగా కుదిరినప్పుడు వెనక్కి తిరిగి చూపించడం అలవాటు నాకు, తల సగం తిరిగి ఆగిపోయింది. నాకు కోపం వస్తోంది. ఎవరి మీదా అంటే నాన్న మీదే. నా పేరు పోనీ, మొహం పోనీ, అవి నువ్వు ఇంటికి వచ్చాక చూసేవి, అలసిపోయి చూసేవి. మర ఎలా మరిచిపోయావు? ఆరు మూలల మీదా ఆరు గాట్లు ఉంటే నీ వేలికి ఒక్కటి తగలలేదా? నాకు అన్నం తిననివ్వకుండా నేర్పించావే, నీ దగ్గర లేకుండా ఎలా పోయింది? అంటే దానికి నా దగ్గర తప్ప ఇంకెక్కడా చోటు లేదా ఇప్పుడు? జబ్బు మనిషి మీద కోపమేంటే అని నాకు నేనే చీవాట్లు పెట్టుకున్నాను, అయినా అది తగ్గలేదు. నట్టుని తెగ్గోసి, కింది అంచుని చక్రం గుంటలో కూర్చునేలా ఏటవాలుగా చెక్కి, బల్ల పట్టుకి బిగించి, ఆకురాయి తీసుకున్నాను. మూలల మీద గాడి పెట్టడం మిగిలింది. ఒక్కో మూల మీద ఆకురాయి ఆనిస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగి గీత అలుక్కుపోతోంది. ముంజేత్తో తుడుచుకుంటే కంట్లో ఇనుప పొడి పడింది, ఇక ఏడవడానికి ఒక సాకు దొరికింది. ఏడ్చుకుంటూనే ఆరు మూలలూ పూర్తి చేశాను, ఒక్కటి కూడా వంకర పోలేదు.

డాక్టరుగారు ఎప్పుడూ తలుపు దగ్గర దగ్గి గానీ లోపలికి రారు. దగ్గు వినబడింది. చక్రం ఇంకా గోడకి ఆనించే ఉంది, అయిపోయాను అనుకున్నాను. ఆయన తిన్నగా నాన్న దగ్గరికి వెళ్లి, "ఏం మేస్త్రీ, బాగున్నావా?" అని భుజం మీద చెయ్యి వేశారు. "బాగున్నానండీ, మీరు కులాసానా?" అన్నాడు నాన్న, అది ఎవరు అడిగినా చెప్పే జవాబు. తర్వాత ఆయన కారు వైపు తిరిగారు, ఖాళీ స్టడ్‌ల వైపు చూశారు, బల్ల మీద కొత్త నట్లు చూశారు. నేను బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పేశాను. పాతవి బాగా అరిగిపోయాయండీ, దారిలో ఊడితే ప్రమాదమని కొత్తవి చేశాం, చేశాం అన్నాను, చేశాను అనలేదు. ఊపిరి తీసుకుంటే జేబులో ముక్కలు చప్పుడయ్యాయి, చేత్తో అదిమిపట్టాను. డాక్టరుగారు వాటి వైపు చూడలేదు. ఒక నట్టు తీసుకుని వెలుతురుకి పట్టి లోపలికి చూశారు, ఎన్నేళ్లు జనం నోళ్లలోకి చూశారో అలాగే. "పళ్లు చక్కగా ఉన్నాయి" అన్నారు. నేను నవ్వలేదని గమనించి నట్టు కింద పెట్టేశారు.

"చూడమ్మా" అన్నారు మెల్లగా, నాన్నకి వినబడనంత మెల్లగా. "విప్పింది మీ నాన్నేనా?"

జేబు మీద చెయ్యి ఇంకా గట్టిగా అదిమాను.

"తప్పు నాది. పోయినసారి, ఏడాదిన్నర కిందట, బండి తీసుకెళ్తుంటే మేస్త్రీ గేటు దాకా వచ్చాడు. డాక్టరుగారూ, మళ్లీ తెచ్చినప్పుడు చక్రాలు మా అమ్మాయి చేత విప్పించండి, నన్ను ముట్టుకోనివ్వకండి, ఎడమేదో కుడేదో నాకు అందడం లేదు అన్నాడు. అమ్మాయికి తెలుసా అని అడిగాను. తెలీదు, మీరు చెప్పకండి, అది భయపడుతుంది అన్నాడు. ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఈసారి బండి వదిలి వెళ్లేటప్పుడు నీకు ఎలాగోలా చెబుదామనుకున్నాను, నోరు రాలేదమ్మా. మీ తమ్ముడికీ చెప్పలేదు, చెప్పను."

ఆయన ఇంకా ఏదో అంటున్నారు, పెదవులు కదులుతున్నాయి, నాకు పంపు దగ్గర నిలబడ్డ నాన్న కనబడుతున్నాడు. పోయినసారి అంటే పంపు కన్నా ముందు. అంటే అప్పటికే తెలుసు. నట్టు చేతిలోకి తీసుకుని ఎన్నిసార్లు తడిమి చూసుకున్నాడో, గాడి తగులుతున్నా దాని అర్థం అందక ఎన్ని పగళ్లు ఈ గదిలో నా పక్కనే నిలబడ్డాడో, నేను ఏదో రేడియో పాట కూనిరాగం తీస్తూ లేత్ నడుపుకుంటున్నాను. భయమంతా ఆయన ఒక్కడే పడ్డాడు, నేను పడకూడదని. ఆఖరికి ఆగలేక, సబ్బు చేతులతో, ఆటలా కనబడేట్టు అడిగాడు ఎటు అని. అది కూడా నన్ను భయపెట్టకుండానే అడిగాడు. నేను పరీక్ష నీకే అని నవ్వి వెళ్లిపోయాను. నాన్నా, నాన్నా, ఆ ఒక్క పంపు నేను తిప్పి వెళ్లి ఉంటే. జేబులోంచి చీలిన ముక్కలన్నీ తీసి డాక్టరుగారి ముందు బల్ల మీద పోశాను. ఆయన వాటిని లెక్కపెట్టలేదు, తన రుమాలులో మూట కట్టుకుని కోటు జేబులో వేసుకున్నారు.

చక్రం ఎత్తి స్టడ్‌లకి తగిలించాను, డాక్టరుగారు కింద పట్టుకున్నారు. నాలుగు నట్లు ఎక్కించాను. ఐదోది చేతిలో ఉంది, ఇంకా ఆకురాయి వేడి ఆరలేదు. వెళ్లి నాన్న చెయ్యి పట్టుకుని లేపాను. "ఒక్క నట్టు నువ్వు పెట్టాలి, రా" అన్నాను. వచ్చాడు. చక్రం ముందు పీట మీద కూర్చోబెట్టి నట్టు అరచేతిలో పెట్టాను. అలవాటు చొప్పున బొటనవేలు దాని మీదకి వెళ్లింది, ఒక మూల, ఇంకో మూల, గాడి దగ్గర ఆగింది, మళ్లీ వెనక్కి వచ్చి మళ్లీ ఆగింది. ఏదో ఉందని వేలికి తెలిసింది. ఏమిటో మనిషికి తెలియలేదు. నట్టుని స్టడ్‌కి ఆనించి తల ఎత్తి నా వైపు చూశాడు.

"ఎటు?" అన్నాడు.

ఆ కళ్లలో పాత అల్లరి ఎక్కడైనా ఉందేమోనని వెతికాను, పరీక్ష పెట్టే మొహం కోసం, మీసంలో నవ్వు కోసం వెతికాను. లేదు. దారి తప్పినవాళ్లు అడిగినట్టు అడిగాడు, చెబితే వింటాను అన్నట్టు. ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన చేతి మీద నా చెయ్యి వేశాను.

"ఎడమకి, నాన్నా."

తిప్పాడు. నట్టు మర పట్టుకుంది. నేను చెయ్యి తీసేశాను, ఆయన వేళ్లే తిప్పుకుంటూ పోయాయి, ఎక్కడా పట్టేయకుండా, చక్రానికి ఆనుకునే దాకా. ఆనుకున్నాక ఆగి, ఏదో మిగిలిపోయినట్టు, ఎవరో ఏదో అనాలన్నట్టు, నా నోటి వైపు చూస్తూ కూర్చున్నాడు.

"పాస్" అన్నాను.